సైన్యం ఎవరికి జవాబు చెప్పాలి?

(దిల్‌సుఖ్‌నగర్‌లో సెప్టెంబరు మాసంలో జరిగిన కుటుంబాల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో వృద్ధులు వయసు లెక్క చెప్పుకొనే పద్ధతి ఒకటి ఉండేది. జనన ధ్రువపత్రాలు లేని కాలమది. "వాడు పోలీస్ యాక్షన్‌కు రెండేళ్ల ముందు పుట్టాడు", "ఆమె నికాహ్ పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు జరిగింది" అనేవారు. మా అమ్మీ పుట్టిల్లు బీదర్ జిల్లాలోని ఒక పల్లె. పెళ్లిళ్లకు, పురుళ్లకు, చావులకు ఆమె చెప్పే తేదీ ఆ రెండు మాటలే. ఆ సంవత్సరం ఆ పల్లెలో ఏమి జరిగిందని అడిగితే మాత్రం మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. కన్నుమూసే వరకు చెప్పలేదు.

నా మనుమడు ఇక్కడే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పోలీసు ఉద్యోగ పరీక్షకు చదువుతున్నాడు. ఈ మధ్య వాడు నన్నొక ప్రశ్న అడిగాడు: "దాదా, సెప్టెంబరు 17న మనం జెండా ఎగరేయాలా, తల వంచుకోవాలా? సైన్యం మనకు మిత్రుడా, శత్రువా?" ఇరవై రెండేళ్ల కుర్రవాడు రేపు యూనిఫాం వేసుకోబోతూ అడిగిన ప్రశ్న ఇది. అప్పటికప్పుడు నాకు సమాధానం తోచలేదు. ఈ ప్రసంగం వాడికి నేను బాకీ పడిన సమాధానం.

ముందుగా ఒక్క మాట చెబుతాను. సైన్యం ఒక సాధనం. దాన్ని పూజించడం వల్ల గాని, దానికి భయపడటం వల్ల గాని మనకు రక్షణ కలగదు. మనం అడగవలసిన ప్రశ్నలు మూడు. ఆజ్ఞ ఎవరిచ్చారు? ఏ చట్టం ప్రకారం ఇచ్చారు? తరువాత జవాబు ఎవరు చెప్పారు? మన చరిత్రను ఈ మూడు ప్రశ్నలతో చదివి చూద్దాం.

ముసారాంబాగ్ నేర్పే పాఠం

ఈ సభాస్థలికి కూతవేటు దూరంలో ముసారాంబాగ్ ఉంది. మెట్రోలో రోజూ ఆ పేరు వింటాం. ఆ పేరు ఒక ఫ్రెంచి సేనానిది. మొస్యే రేమండ్ అనే ఆయన రెండవ నిజాం కొలువులో వేలాది సిపాయిలకు పాశ్చాత్య పద్ధతిలో కవాతు నేర్పాడు. ప్రజలు ఆయనను మూసా రహీమ్ అని, మూసా రామ్ అని పిలుచుకున్నారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి నేటికీ ఉంది. హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఆయనను అభిమానించారు.

రేమండ్ 1798లో మరణించాడు. అదే ఏడు నిజాం ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచివారు తీర్చిదిద్దిన దళాలు రద్దయ్యాయి. వాటి స్థానంలో ఇంగ్లీషు కంపెనీ సైన్యం వచ్చి కూర్చుంది. ఖర్చు నిజాముది, ఆజ్ఞ కంపెనీది. ఆ ఖర్చు కిందనే 1800లో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు చేజారి దత్త మండలాలయ్యాయి. 1853లో కంటింజెంట్ దళం బాకీల పేరిట బేరార్ కూడా పోయింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పుట్టుక ఈ కథలోనిదే. సైన్యాన్ని తన ప్రజలకు కాక పరాయి అధికారానికి జవాబుదారీ చేసిన ప్రభువు చివరకు భూమినీ పోగొట్టుకున్నాడు, నిర్ణయాధికారాన్నీ పోగొట్టుకున్నాడు. ఇది మనకు మొదటి పాఠం.

ప్రైవేటు సైన్యం ఎవరినీ కాపాడదు

ఇక 1948కి వద్దాం. సొంత తప్పుతో మొదలుపెట్టడం న్యాయం. రజాకార్ల విషయంలో మన సమాజంలో కొందరు నేటికీ తడబడతారు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో నడిచిన ఆ సాయుధ దళం ఏ చట్టానికీ లోబడలేదు. తెలంగాణ పల్లెల్లో రైతు కుటుంబాలపై దాడులు చేసింది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండను ఆ ఊరు మరచిపోలేదు, మరచిపోకూడదు కూడా.

అదే ఆగస్టులో హైదరాబాద్ నగరంలో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హత్య చేశారు. ఆయన ముస్లిం. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని, ప్రజలకు బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని రాయడమే ఆయన చేసిన నేరం. అంతకు ముందే 1940లో దొరల దౌర్జన్యాన్ని ఎదిరించి కామారెడ్డిగూడెంలో ప్రాణమిచ్చిన షేక్ బందగీ ముస్లిం రైతు. సాయుధ పోరాటంలో అజ్ఞాతంలోకి వెళ్లిన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం కవి. కాబట్టి ఆనాటి పోరును హిందువులకు, ముస్లింలకు మధ్య జరిగినదిగా చెప్పేవారు చరిత్రను సగం చించి చూపుతున్నారు.

మతం పేరిట ఆయుధం పట్టిన ప్రైవేటు దళం ముందు తనవారిలోని అసమ్మతి గొంతునే కోస్తుంది. తరువాత తనవారందరినీ ప్రతీకారానికి అప్పగించి తాను తప్పుకొంటుంది. రజ్వీ జైలు శిక్ష ముగించుకొని పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఆయన చేసినదానికి మూల్యం చెల్లించినది బీదర్, ఉస్మానాబాద్ పల్లెల్లోని పేద ముస్లింలు. ఏ జెండా కింద నడిచే ప్రైవేటు దళమైనా, నేడు కర్రలు పట్టుకొని వీధుల్లో కవాతు చేసే దళమైనా ఇదే కొలబద్దతో కొలవాలి.

ఐదు రోజులు, ఆ తరువాత

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో వచ్చింది. మరొక దళం విజయవాడ వైపు నుంచి కదిలింది. ఎల్.బి. నగర్ చౌరస్తాలో నిలబడి తూర్పుకు చూస్తే కనిపించే విజయవాడ రహదారిలోనే ఆ దళం దాటివచ్చిన కోదాడ, సూర్యాపేట ఉన్నాయి. సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. మరునాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎడ్రూస్ చౌధురి ఎదుట లాంఛనంగా లొంగిపోయారు.

ఆ సైనిక చర్యకు 'ఆపరేషన్ పోలో' అని పేరు. కాని ప్రజలకు చెప్పిన పేరు 'పోలీస్ యాక్షన్'. హైదరాబాద్ వ్యవహారం అప్పటికే ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ముందుకు వెళ్లింది. ఇది దేశాంతర్గత విషయమని చెప్పడానికి పోలీసు అనే మాట పనికివచ్చింది. టాంకులు, విమానాలు పాల్గొన్న చర్యకు పోలీసు పేరు పెట్టడం వల్ల మరొకటి కూడా జరిగింది. యుద్ధమైతే మృతుల లెక్క అడుగుతారు. పోలీసు చర్య అంటే ఆ లెక్క అడిగేవారే ఉండరు.

లెక్క అడిగినవారు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వమే పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు, డిసెంబరు మాసాల్లో జిల్లాలు తిరిగారు. సైనిక చర్య సమయంలోను, ఆ తరువాతా 27 వేల నుంచి 40 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయి ఉంటారని వారి అంచనా. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగిందని రాశారు. సైన్యం చాలాచోట్ల క్రమశిక్షణతో నడచుకొన్నదని ఆ నివేదికే చెప్పింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు లూటీలోను, ఇతర నేరాల్లోను పాలుపంచుకొన్నారని కూడా ఆ నివేదికే చెప్పింది. ముస్లిం నేతవారిని కాపాడటానికి హిందూ నేతవారు అడ్డం నిలిచారని, కొందరు ప్రాణాలే ఇచ్చారని కూడా నమోదు చేసింది.

ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల పాటు అది సామాన్యుని కంట పడలేదు. మా అమ్మీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోవడానికీ, ఆ కాగితాలు బీరువాలో ఉండిపోవడానికీ సంబంధం ఉంది. రాజ్యం తాను చెప్పవలసినది చెప్పనప్పుడు బాధితుడు తనది మాత్రం ఎవరితో చెప్పుకొంటాడు?

ఆ తరువాత జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరుగా 1949 డిసెంబరు వరకు ఇక్కడ పాలించారు. నిజాం సైన్యం రద్దయింది. సైన్యంలోను, పోలీసు శాఖలోను ముస్లింలే అధికం కాబట్టి వేలాది ఇళ్లకు ఒక్కసారిగా జీతం ఆగిపోయింది. ఎల్.బి. నగర్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు వెళితే బార్కస్ వస్తుంది. బారక్స్ అనే మాటే ఆ పేరుగా మారింది. నిజాం కొలువులో తరతరాలుగా సిపాయిలుగా పనిచేసిన అరబ్బు కుటుంబాల బస్తీ అది. అక్కడి వృద్ధులను కదిలిస్తే ఆనాటి నిర్బంధాల సంగతి నేటికీ చెబుతారు.

నిజాం లొంగిపోయాక కూడా సైన్యం పల్లెల నుంచి వెనుదిరగలేదు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో భూమి కోసం పోరాడుతున్న రైతుల మీదికి మళ్లింది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించే వరకు ఆ పల్లెలు క్యాంపుల నీడలో బతికాయి. వారిలో అత్యధికులు హిందూ రైతులు, గిరిజనులు. సెప్టెంబరు 17 గాయం మన ఒక్కరిదే కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఎల్.బి. నగర్ పేరులో ఉన్న మనిషి

ఇది ఒక వైపు. రెండవ వైపు చూడకపోతే నా మనుమడికి అన్యాయం చేసినవాడినవుతాను.

ఎల్.బి. నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. 'జై జవాన్, జై కిసాన్' అన్న లాల్ బహదూర్ శాస్త్రి పేరది. 1965 యుద్ధంలో ఆయన ప్రధానమంత్రి. అప్పటి సైన్యాధిపతి ఎవరో తెలుసా? హైదరాబాద్‌ను పదిహేను నెలలు పాలించిన అదే జె.ఎన్. చౌధురి. ఒకప్పుడు ఒక రాజ్యాన్ని చేతిలో పెట్టుకొన్న సేనాని దాన్ని పౌర ప్రభుత్వానికి అప్పగించి బారక్స్‌కు తిరిగి వెళ్లారు. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. పదమూడేళ్ల తరువాత ఆ సేనానే ఎన్నికైన ఒక ప్రధాని ఆజ్ఞకు లోబడి యుద్ధం నడిపారు.

ఈ విషయం చిన్నదనుకోవద్దు. 1947లో ఒకే సైన్యం రెండుగా చీలింది. సరిహద్దుకు అవతలి సగం 1958లో అయూబ్ ఖాన్ నాయకత్వంలో అధికారం చేజిక్కించుకొంది. ఆ తరువాత యహ్యా ఖాన్, జియా, ముషర్రఫ్ వచ్చారు. ఇస్లాం పేరు చెప్పుకొన్న ఆ సైనిక పాలన 1971లో తూర్పు పాకిస్తాన్‌లో ఎవరిపై తుపాకి పేల్చింది? బెంగాలీలపై. వారిలో అత్యధికులు ముస్లింలే. సైనికుని మతం ఏదైనా, ఆజ్ఞకు ఓటరు అదుపు లేనినాడు బాధితుడు ఎవరైనా కావచ్చు. మన రాజ్యాంగం 53వ అధికరణం ద్వారా రక్షణ బలగాల సర్వాధికారాన్ని రాష్ట్రపతికి ఇస్తూ, ఆ అధికారం చట్టానికి లోబడి నడవాలని నిర్దేశించింది. పార్లమెంటు ఆమోదం లేకుండా సైన్యానికి పైసా రాదు. ఈ కట్టడి మనకు దక్కిన వారసత్వం. దాన్ని కాపాడుకోవడంలో మైనారిటీలకు ఉన్న అవసరం మరెవరికీ లేదు.

ఆ సైన్యంలో మనవారు లేరా? 1948 జూలై 3న కాశ్మీరులో ఝంగర్ వద్ద నేలకొరిగిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ స్వయంగా వచ్చారు. అది హైదరాబాద్ చర్యకు పది వారాల ముందటి మాట. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ రంగంలో ప్యాటన్ టాంకులను ధ్వంసం చేసి ప్రాణమిచ్చిన హవల్దార్ అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర లభించింది. మన హైదరాబాదీ ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978 నుంచి 1981 వరకు వైమానిక దళాధిపతిగా పనిచేశారు. దేశభక్తి నిరూపించుకోవాలని మనల్ని అడిగేవారికి జవాబుగా ఈ పేర్లు చెప్పడం లేదు. అటువంటి పరీక్ష ఏ పౌరునికీ పెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ సంస్థ మనది కూడా అని మన పిల్లలు తెలుసుకోవాలని చెబుతున్నాను.

అల్లర్ల వేళ

ఒక విచిత్రం గమనించండి. అల్లర్లు చెలరేగినప్పుడు మన బస్తీల నుంచి వచ్చే మొదటి విజ్ఞప్తి ఏమిటి? "ఆర్మీని పిలిపించండి" అని. 1948 గాయం ఉన్న సమాజమే సైన్యాన్ని ఎందుకు కోరుకొంటుంది? స్థానిక బలగాలపై నమ్మకం చెదిరినందువల్ల. 1987లో మీరట్ హాషింపురాలో ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు దళం దాదాపు నలభై మంది ముస్లింలను పట్టుకుపోయి కాల్చి చంపింది. 2018 అక్టోబరులో గాని ఢిల్లీ హైకోర్టు పదహారు మందికి జీవిత ఖైదు విధించలేదు. ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది.

అయితే సైన్యం తనంతట తాను రాదు, రాకూడదు. 2002లో గుజరాత్‌కు వెళ్లిన దళాలకు అప్పటి మేజర్ జనరల్ జమీరుద్దీన్ షా నాయకత్వం వహించారు. ఆ డివిజన్ స్థావరం మన సికింద్రాబాదే. సుమారు మూడు వేల మంది సైనికులు అహ్మదాబాద్ చేరినా, రాష్ట్ర యంత్రాంగం వాహనాలు సమకూర్చకపోవడంతో విలువైన ఒక రోజు వృథా అయిందని ఆయన తన ఆత్మకథలో రాశారు. ఆలస్యం జరగలేదని ప్రత్యేక దర్యాప్తు బృందం అభిప్రాయపడింది. ఈ వివాదం అలా ఉంచి ఒక్క సంగతి గ్రహించండి. బలగం ఎంత ఉన్నా దాన్ని కదిలించే తాళంచెవి పౌర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. అందుకే ఆ ప్రభుత్వాన్ని ఎన్నుకోవడం, నిలదీయడం మన రక్షణలో భాగం.

చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకోండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148 నుంచి 151 వరకు ఉన్న సెక్షన్లు ఈ విషయానివే. చట్టవిరుద్ధమైన గుంపును చెదరగొట్టడానికి కార్యనిర్వాహక మేజిస్ట్రేటు సైన్యాన్ని కోరవచ్చు. వచ్చిన అధికారి వీలైనంత తక్కువ బలం వాడాలి. మనుషులకు, ఆస్తికి వీలైనంత తక్కువ హాని కలిగించాలి. ఈ మాటలు చట్టంలోనే ఉన్నాయి. ప్రత్యేకాధికారాల చట్టం అమలులో ఉన్న మణిపూర్ కేసులో సైతం, బలగాలకు సంపూర్ణ మినహాయింపు లేదని సుప్రీంకోర్టు 2016 జూలైలో స్పష్టం చేసింది.

ఈ దిల్‌సుఖ్‌నగర్ కూడా ఒక సాక్ష్యమే. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడి బస్టాపు దగ్గర బాంబులు పేలి అమాయకులు బలైనప్పుడు, ఆ దుఃఖంలో మతభేదం లేదు. ఆ రాత్రి మన యువకుల తల్లులకు మరొక భయం కూడా పట్టుకుంది. 2007లో మక్కా మసీదు పేలుడు తరువాత పట్టుబడి, హింసలకు గురై, చివరకు నిర్దోషులుగా విడుదలైన కుర్రవాళ్లు వారి కళ్లముందు మెదిలారు. దిల్‌సుఖ్‌నగర్ కేసులో దర్యాప్తు, విచారణ జరిగి 2016లో దోషులకు ప్రత్యేక కోర్టు శిక్ష విధించింది. దోషిని సాక్ష్యంతో పట్టుకోవడమే బాధితునికి న్యాయం. అమాయకునికి రక్షణ కూడా అదే.

ఓట్ల బజారులో సైనికుడు

ఇక వర్తమానానికి వద్దాం. 2022 నుంచి సెప్టెంబరు 17న పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర బలగాల కవాతుతో విమోచన దినం జరుగుతోంది. రాష్ట్ర ప్రభుత్వం ఒకసారి జాతీయ సమైక్యతా దినమన్నది, తరువాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. మూడు పేర్లు, ఒకే తేదీ. ఈ ఉత్సవాల నడుమ సుందర్‌లాల్ నివేదిక ఊసు లేదు, షోయబుల్లా ఖాన్ పేరు అరుదు, నల్లగొండ రైతు పేరు అంతకన్నా అరుదు.

రక్షణ సిబ్బంది ఫోటోలను ప్రచారంలో వాడవద్దని ఎన్నికల సంఘం 2013లోనే పార్టీలకు చెప్పింది. 2019 మార్చిలో మళ్లీ చెప్పవలసి వచ్చింది. సైనికుని త్యాగం ఒక పార్టీ ఓట్ల సరుకైన రోజున, ఆ పార్టీని ప్రశ్నించినవాడు సైన్యానికి శత్రువుగా కనిపిస్తాడు. అప్పుడు నష్టపోయేది మైనారిటీ ఒక్కటే కాదు. అన్ని పార్టీల ఓటర్లకు సమానంగా చెందిన ఆ సైనికుడు కూడా నష్టపోతాడు.

మనం చేయవలసినవి

కనుక నా విన్నపాలు నాలుగు. ఒకటి, సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వం అధికారికంగా ప్రచురించాలని, తెలుగులోను ఉర్దూలోను అందుబాటులోకి తేవాలని అన్ని పార్టీల ప్రజాప్రతినిధులను అడుగుదాం. ఇందులో పగ లేదు. లెక్క చెప్పమని అడగడం పౌరుని హక్కు. రెండు, ఆనాటి సంగతులు ఎరిగిన వృద్ధులు ఇంకా కొందరున్నారు. మీ చేతుల్లోని ఫోన్లలో వారి మాటలు రికార్డు చేయండి. ముస్లింల మాటలతో పాటు బైరాన్‌పల్లి వారి మాటలు, సూర్యాపేట రైతుల మాటలు కూడా. నేను మా అమ్మీ విషయంలో ఆలస్యం చేశాను. మీరు చేయవద్దు. మూడు, ఈ వీధిలోని కోచింగ్ సెంటర్లలో మన పిల్లలు, పిల్లికూతురు గొంతు కూడా పెగలని బిడియపు ఆడపిల్లలు సైతం, కేవలం ఇంజినీరింగు కోసమే కూర్చోకూడదు. పోలీసు, సైన్యం, న్యాయశాఖ పరీక్షలకు కూర్చోవాలి. నాలుగు, మతం పేరిట కర్ర పట్టే దళం ఏ ఇంటి గడప తొక్కినా, ముఖ్యంగా మన ఇంటి గడప తొక్కినా, తలుపు తీయవద్దు.

ఇప్పుడు నా మనుమడికి నా జవాబు. బాబూ, సెప్టెంబరు 17న జెండా ఎగరెయ్యి. అది ఎన్నికైన ప్రభుత్వానికి దారి తీసిన రోజు. అదే రోజు ఒక్క నిమిషం తల కూడా వంచు. మీ పెద్దదాదీ చెప్పని మాటల కోసం, షోయబుల్లా కోసం, బైరాన్‌పల్లి కోసం. రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోమనేవాడి మాట వినవద్దు.

నువ్వు యూనిఫాం వేసుకొన్న రోజు వస్తుంది, ఇన్షా అల్లాహ్. ఆనాడు ఏదో ఒక వీధిలో గుంపు ముందు నిలబడతావు. అది ఏ మతం గుంపైనా కావచ్చు. పగ ఉన్నవారి విషయంలో కూడా న్యాయం తప్పవద్దని మన ధర్మం నేర్పింది. వచ్చిన ఆజ్ఞ చట్టబద్ధమేనా అని ఒక్క క్షణం ఆలోచించు. వీలైనంత తక్కువ బలం వాడు. ఆ సాయంత్రం డ్యూటీ దిగాక ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు డైరీలో రాయి. 1948లో అలా రాసినవారు, రాసినదాన్ని దాచకుండా చదివినవారు మరికొందరు ఉండి ఉంటే, మా అమ్మీ అడిగిన ప్రతిసారీ వంటింట్లోకి వెళ్లిపోయేది కాదు.